కడలి లోతులను చూపు సంజయులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



కురుక్షేత్ర సంగ్రామమును ధృతరాష్ట్రుడు కన్నులార చూడలేదు. వ్యాసుని యనుగ్రహమున దివ్యదృష్టి పొందిన సంజయుడు చూచి చెప్పగా వినెను. తిక్కనగారి భారతము చదివినవారి కెల్లరకు ఇది తెలిసిన సంగతియే. అయితే చదువునపుడు సామాన్యముగా గమనింపని విషయ మొకటి కలదు. సంజయుడు కౌరవుల కొలువులోని వాడు. అతడు తినినది ధృతరాష్ట్రుని యన్నము. అయినను భీష్ముడు కూలిన వార్త మొదలుకొని దుర్యోధనుని తొడలు విరిగిన వార్త వరకు, రాజునకు రుచింపని దానిని ఒక్కటియు దాచక చెప్పెను. చూచినవాడు చూచినట్లు చెప్పుటయు, చెప్పినవాని గ్రాసము ఆగకుండుటయు ఒకచోట చేరుట లోకమున అరుదు.

నేటి విషయము, సముద్ర శాస్త్రజ్ఞులు కడలిపై చేయు పరిశోధనలను చలనచిత్రములుగా తీయ బూనిన యువకులకు ధనసహాయము. ఇది ఈ గ్రామమునకు దూరపు మాటగా తోచవచ్చును. కాని భూమి ఉపరితలమున నూటికి 70 పాళ్లు సముద్రమే. దాని యడుగు విషయమున రాజు మొదలు రైతు వరకు అందరును ధృతరాష్ట్రులే. శాస్త్రజ్ఞుడు దిగి చూచును, కొలుచును, వ్రాయును. ఆ వ్రాతను ఆ శాస్త్రము నెరిగిన కొలదిమంది చదువుదురు. అతని వెంట కెమేరా పట్టుకొని దిగినవాడే తక్కిన లోకమునకు సంజయుడు. ఆ సంజయునకు కూడు పెట్టువా డెవడు, పెట్టి యేమి కోరును? ఇచట విచారింపవలసిన దిదియే.

ఈ కథకు మొదటి భాగము ఫ్రాన్సు దేశమున నడచినది. ఝాన్ పేన్లెవే అనునాతడు 1902లో జన్మించెను. తండ్రి పాల్ పేన్లెవే పేరుపొందిన గణితవేత్త, ఆ దేశమునకు ప్రధానమంత్రిగా కూడ పనిచేసినవాడు. కుమారుడు జీవశాస్త్రము చదివి సముద్రజీవులను చిత్రములుగా తీయ నారంభించెను. 1928లో ఒక చిన్న చేప గ్రుడ్డు ఎదుగు తీరును గూర్చిన చిత్రమును శాస్త్రజ్ఞుల పరిషత్తులో చూపగా, సినిమా యనునది శాస్త్రమునకు తగిన పని కాదని ఒక పండితుడు కోపించి సభ విడిచి లేచిపోయెనట. పేన్లెవే అంతటితో మానలేదు. 1934లో సముద్రాశ్వమను చేపను గూర్చి చిత్రము తీసెను. ఆ జాతిలో గర్భము మోసి పిల్లలను కనునది మగది. ఆ ప్రసవము ఏ గడియలో జరుగునో తెలియదు. ఆయన తొట్టి యెదుట జాగరణము చేయుచు, కునుకు పట్టినచో చిన్న విద్యుత్తు తగిలి మెలకువ వచ్చునట్లు ఒక పరికరమును తలకు తగిలించుకొనెనని చెప్పుదురు. చిత్రము ప్రజల మెప్పు పొందిన పిమ్మట సముద్రాశ్వపు రూపుతో నగలు కూడ చేయించి అమ్మించెను. ప్రధానమంత్రి యింట పుట్టినవాడు కనుక ఆయన తపస్సునకు భంగము కలుగలేదు. సామాన్యుని బిడ్డ యైనచో రెండవ రాత్రికే బ్రతుకుతెరువు వెదకుకొనుచు పోవలసినవాడు.

రెండవ భాగము పెద్దది. జాక్ కూస్తో ఫ్రెంచి నౌకాదళమున అధికారి. 1943లో ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరుతో కలిసి, వీపున గాలి సిలిండరు కట్టుకొని చేపవలె స్వేచ్ఛగా సంచరించుటకు వీలైన శ్వాసయంత్రమును సిద్ధపరచెను. అంతకు పూర్వము మునుగువాడు పైనున్న ఓడకు గొట్టముతో కట్టుబడి, బరువైన ఇత్తడి శిరస్త్రాణముతో అడుగున నడువవలసి యుండెడివాడు. యంత్రము కుదిరినది, ఓడ కావలెను. 1950లో లోయెల్ గిన్నిస్ అను ఆంగ్ల ధనికుడు ఒక పాత కొయ్య ఓడను కొని, సంవత్సరమునకు ఒక్క ఫ్రాంకు కౌలుపై కూస్తోకు ఇచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున సముద్రములోని మందుపాతరల నేరివేయుటకు అమెరికాలో కట్టిన ఓడ యది. యుద్ధానంతరము మాల్టా ద్వీపమున రేవు దాటించుటకు వాడిరి. పేరు కలిప్సో. ఒక్క ఫ్రాంకు కౌలన్న మాట విని ముచ్చట పడవచ్చును గాని, ఓడ అద్దె వేరు, ఓడను నడుపు ఖర్చు వేరు. నూనె, నావికుల జీతములు, మరమ్మతులు మీద పడగా కూస్తో భార్య సిమోన్ తన నగల నమ్మి సామగ్రి సమకూర్చినదని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

1954లో కలిప్సోకు ఒక పని దొరకినది. బ్రిటిష్ పెట్రోలియము కంపెనీ పక్షమున అబూధాబీ తీరపు జలములను పరిశీలించి అడుగు రాతిని తెలిసికొనుట ఆ పని. నూనె కంపెనీ యిచ్చిన ధనముతో ఓడ సాగినది. ఆ ఓడలో లూయీ మాల్ అను 21 సంవత్సరముల యువకుడు ఉండెను. పారిస్ నగరమున చలనచిత్ర విద్యాలయమున చదువుచు, అది ముగియక మునుపే కూస్తో కొలువున చేరినవాడు. ఆ పరిశోధన యాత్రను కంపెనీ కొరకు చిత్రముగా తీసెను. నాలుగేండ్ల కనగా 1958లో ఆ ప్రాంతమున ఉమ్ షైఫ్ అనుచోట నూనె పడినది. కంపెనీ పెట్టుబడి వృథా కాలేదు. కాని ఆ యువకునికి దొరకిన లాభము వేరు. నీటిలో కెమేరా పట్టుట, వెలుగు లేనిచోట వెలుగు కల్పించుట, ఓపిక పట్టుట అలవడినవి. పుస్తకములు చదివిన మాత్రమున అలవడునవి కావవి.

తరువాత ఎర్రసముద్రమునందును హిందూ మహాసముద్రమునందును కలిప్సో సాగించిన యాత్రలే ‘నిశ్శబ్ద ప్రపంచము’ అను వర్ణచిత్ర మైనవి. కూస్తో, మాల్ ఇద్దరును దర్శకులు. 1956లో కాన్ చిత్రోత్సవమున అత్యున్నతమైన స్వర్ణతాళ పురస్కారమును, మరుసటి యేడు ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కారు బహుమతిని ఆ చిత్రము పొందెను. కాన్‌లో బహుమతి నందుకొను నాటికి మాల్ వయస్సు 23. లోతులలో తిరుగుటవలన చెవి పొర దెబ్బతిని, అతడు నీటి పనిని విడువవలసి వచ్చెను. అతడును కలిమి గల యింటివాడే. తల్లి వైపువారు ఫ్రాన్సులో పెద్ద చక్కెర వర్తకులు. పేన్లెవే మంత్రి కుమారుడు, మాల్ వర్తకుల మనుమడు. కడలి లోతులు చూపిన ఈ యిద్దరును ఇట్టివారగుట కాకతాళీయ మనుకొనుట కష్టము. ప్రతిభ ధనికుల యిండ్లలోనే పుట్టదు. అయితే నిరీక్షించుటకు కావలసిన కాలము చాలవరకు వారియొద్దనే దొరకును.

ఆ కాలమునకు ఎంత వెల యగునో లెక్క చూడవలెను. నీటి పైభాగమున 60 నిమిషములు సరిపడు గాలి సిలిండరు, 10 మీటర్ల లోతున 30 నిమిషములే వచ్చును, 30 మీటర్ల లోతున 15 నిమిషములే. లోతు పెరిగినకొలది ఒత్తిడి పెరుగుటయు, ప్రతి ఊపిరికి అంతకంతకు ఎక్కువ గాలి పట్టుటయు ఇందుకు కారణము. పైకి వచ్చునపుడు తొందరపడ రాదు; ఒత్తిడిలో రక్తమున కరగిన నత్రజని వాయువు బుడగలుగా మారి కీళ్లను పట్టివేయును, ప్రాణమే తీయవచ్చును. కావున ఆ 15 నిమిషములలో దిగుటకును ఎక్కుటకును పోగా, చిత్రము తీయుటకు మిగులునది అత్యల్పము. ఇంతలో చేప ప్రక్కకు తొలగినచో ఆ దినము చెల్లిపోయినట్లే. పైగా నీరు ఎరుపు రంగును ముందుగా మ్రింగును. పది మీటర్లు దిగుసరికి కుంకుమ బూడిదవన్నె నొందును. పగడముల అసలు రంగు కనవలెనన్న దీపములు దింపవలయును. దీపములకు తీగలు, తీగలకు మనుష్యులు, మనుష్యులకు తిండి, ఓడపై బస, శిక్షణ, ప్రమాద భీమా. కెమేరా ఖరీదు ఈ పద్దులలో చిన్నది. తిరిగి వచ్చిన తరువాత నెలల తరబడి కూర్చుండి కూర్పు చేయవలెను. ఆ నెలలలో ఇల్లు గడువవలెను. సహాయ మిచ్చువారు తరచుగా పరికరములకు ఉదారముగా ఇత్తురు, నెలల గ్రాసమునకు చేయి ముడుచుకొందురు. వాన కురియు దినములకు కూలి యియ్యక, పంట మాత్రము పండవలెనని కోరు ఆసామి తీరు ఇట్టిదే.

ఇక అసలు చిక్కునకు వత్తము. ‘నిశ్శబ్ద ప్రపంచము’ చిత్రమున చూచువారి హృదయము పిండు ఘట్టములు కొన్ని కలవు. ఒకచోట ఎన్ని జాతుల చేపలున్నవో లెక్కించుటకై పగడపు దిబ్బలో డైనమైటు ప్రేల్చుదురు. చచ్చి తేలిన చేపలను ఏరి వరుసగా పేర్చుదురు. అది శాస్త్రము కొరకే యని వ్యాఖ్యానము సమర్థించును. మరొకచోట కలిప్సో చక్రమునకు తగిలి ఒక తిమింగిలపు పిల్ల గాయపడును. బాధ తీర్చుటకై దానిని చంపుదురు. రక్తపు వాసనకు సొరచేపలు మూగును. అంతట నావికులు ఆగ్రహించి, ఆ సొరచేపలను గాలములతో ఓడపైకి లాగి గొడ్డళ్లతో నరకుదురు. తిమింగిలమును గాయపరచినది తమ యోడ. శిక్ష పడినది సొరచేపలకు. వేరొకచోట పెద్ద తాబేళ్లపై నెక్కి స్వారి చేయుచు నవ్వుకొందురు.

ఆనాటి ప్రేక్షకులు ఆ దృశ్యములకు చప్పట్లు కొట్టిరో లేదో గాని, బహుమతులు మాత్రము ఆగలేదు. నేడు చూచువారు తల ప్రక్కకు త్రిప్పుకొందురు. అయితే యోచింపవలసిన దొకటి కలదు. ఆ దృశ్యములను కత్తిరించి పారవేసియుండినచో, శాస్త్రము పేరిట సముద్రమున ఏమి చేసిరో తరువాతి తరములకు తెలిసెడిది కాదు. ఓడలోని వ్రాతపుస్తకమున ‘చేపల జాతులు లెక్కింపబడినవి’ అని ఒక్క పంక్తి యుండెడిది. అది అబద్ధము కాదు. అయినను ఎట్లు లెక్కించిరో దాచును. చిత్రము దాచలేదు. అందువలన ఆ డైనమైటు నేటికిని సాక్ష్యము పలుకుచున్నది. కూస్తో నడకయు మారినది. 1960లో అణు వ్యర్థములను మధ్యధరా సముద్రమున పారవేయుటకు ఫ్రెంచి ప్రభుత్వ శాఖ పూనుకొనగా, ఆయన బహిరంగముగా ఎదిరించి ప్రజాభిప్రాయమును కూడగట్టెను. 1973లో సముద్ర రక్షణ కొరకు సంఘము స్థాపించెను.

మాల్ మాట కూడ ఇచటనే చెప్పుట యుచితము. అతడు తరువాత పెద్ద దర్శకుడై, 1968లో భారతదేశమునకు వచ్చి నెలల తరబడి తిరిగి చిత్రములు తీసెను. అందలి బీదరికపు దృశ్యములు ఈ దేశపు ప్రభుత్వమునకు కోపము తెప్పించెను. బి.బి.సి. వారు వానిని ప్రసారము చేయగా, 1970లో ఢిల్లీలోని వారి కార్యాలయము మూయబడెను. కనినదాని నెల్ల చూపు అలవాటు కలిప్సోపై అబ్బినదో, పుట్టుకతో వచ్చినదో! ఆ చిత్రములలో ఈ దేశమునకు న్యాయము జరిగినదా లేదా అన్నది వేరు చర్చ. చూపువానికిని చూడబడువానికిని నడుమ ఘర్షణ మాత్రము తప్పదు. చూపువాని వెనుక ధనమిచ్చువా డొక డుండును గనుక అది మూడు ముఖముల ఘర్షణ యగును.

నూనె కంపెనీ, నౌకాదళము, అమెరికాలోని నేషనల్ జియోగ్రాఫిక్ సంఘము, టెలివిజను సంస్థలు, వీరందరి సొమ్మును కూస్తో స్వీకరించెను. ఏ సొమ్మును నిష్కళంకము కాదు. నిష్కళంకమైన సొమ్ము వచ్చువరకు కూర్చున్నచో కలిప్సో రేవు దాటెడిది కాదు. అట్లని వచ్చిన సొమ్మెల్ల ఒక్కటే యనుటయు పొరపాటు. షరతులలోనే తారతమ్య మున్నది. ఈ గ్రంథాలయమునకు చందా లిచ్చువారు ‘నా చందాతో ఈ పుస్తకమే కొనుడు, ఆ పుస్తకము కొనకుడు’ అని పట్టుబట్టినచో బీరువాలలో దాతల జీవితచరిత్రలు తప్ప మరేమియు నిలువవు. దాత పేరు చిత్రారంభమున పెద్ద యక్షరములతో వేయవచ్చును. కత్తెర మాత్రము దాత చేతి కీయరాదు. ఈ మాట ఒప్పందములో ముందుగానే వ్రాసికొనవలెను. నోటిమాట నమ్మి దిగినవాడు కూర్పు గదిలో చిక్కుపడును. శాస్త్రజ్ఞునితోను ఇట్టి యొప్పందమే యుండవలెను. ఇంకను ప్రకటింపని ఫలితములను చిత్రకారుడు ముందుగా చాటరాదు. పరిశోధన విఫల మైనపుడు ఆ వైఫల్యమును చూపవద్దని శాస్త్రజ్ఞుడును నిర్బంధింపరాదు.

వైఫల్యము చూపుటవలన కలుగు బలమునకు ఇటీవలి యుదాహరణ మొకటి కలదు. పగడపు జీవి తన దేహమున సూక్ష్మమైన నాచు నుంచుకొని, అది వండిపెట్టు ఆహారముతో జీవించును. సముద్రజలము వేసవి గరిష్ఠమున కన్న ఒక డిగ్రీ హెచ్చుగా కొన్ని వారములు వేడెక్కినచో ఆ నాచును వెడలగొట్టి, తెల్లబారి, ఆకలితో మాడును. ఈ మరణమును చిత్రించుటకై జెఫ్ ఓర్లోవ్‌స్కీ బృందమువారు తమంతట తామే బొమ్మలు తీయు కెమేరాలను సముద్రమున పలుచోట్ల దించిరి. తీరా తీసి చూడగా బొమ్మలు మసకబారి యుండెను. ఆ శ్రమ వ్యర్థమైనది. అంతట 2016లో ఆస్ట్రేలియా తీరపు మహా పగడపు దిబ్బల కడ యువకులు దినదినము దిగి, అదే స్థలమున, అదే కోణమున స్వహస్తములతో చిత్రములు తీసిరి. నిన్న నీలముగానో గోధుమవన్నెగానో యున్న పగడము నేడు తెలుపు, మరికొన్ని నాళ్లకు కుళ్లిన గుజ్జు. 2017లో వెలువడిన ఆ చిత్రమున మసకబారిన కెమేరాల ఉదంతమును కూడ దాచక చూపిరి. ఆ 2016వ సంవత్సరపు వేడికి ఆ దిబ్బలలోని లోతు తక్కువ పగడములలో సుమారు 30 శాతము నశించినవని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ అంకెను పత్రికలో చదివినవారికి అంకె తెలిసినది. చిత్రము చూచినవారు మరణమును చూచిరి. అబూధాబీ కడ కెమేరాను మొట్టమొదట నీటికి దింపినది నూనె ధనము. ఆ నూనెయు బొగ్గును మండుటవలన వేడెక్కిన నీటిలో చచ్చుచున్న పగడమును కెమేరాయే పట్టి చూపినది.

ధనసహాయ మనగా నోట్లకట్టయే కానక్కరలేదు. అమెరికాలో 2009లో ఏర్పడిన ష్మిట్ మహాసముద్ర సంస్థవారు తమ పరిశోధన నౌకను శాస్త్రజ్ఞులకు ఉచితముగా నిత్తురు; సేకరించిన సమాచారమును లోకమునకు తెరచి పెట్టవలెనని కోరుదురు. 2015 నుండి అట్టి యాత్రలలో చిత్రకారులు మొదలగు కళాకారులకును ఓడపై ఒక పడక చోటు కేటాయించుచున్నారు. ఆ పడక విలువ లక్షల రూపాయలు చేయును. 2025లో ఆ నౌకపై అర్జెంటీనా శాస్త్రజ్ఞులు తమ తీరమున మార్ దెల్ ప్లాతా అను సముద్రాంతర లోయను పరిశోధించుచు, యంత్రము పంపిన దృశ్యములను అప్పటికప్పుడు ప్రజలకు చూపిరి. సుమారు 3,900 మీటర్ల లోతు వరకు పోయిన ఆ దృశ్యములను లక్షలాది జనులు ఇండ్లలో కూర్చుండి చూచిరి. శాస్త్ర పరిశోధనకు నిధులు తగ్గిపోవుచున్నవని ఆ దేశమున వాదప్రతివాదములు నడుచుచున్న కాలమది. శాస్త్రజ్ఞుల గోడు ఆ నక్షత్రచేపలవలన సామాన్యుల యిండ్లకు చేరినది.

అట్టి లోయలు తెలుగు తీరమునందును కలవు. 1950 ప్రాంతపు దశకమున యూజీన్ లాఫాండ్ అను అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, వాల్తేరు తీరమున అలలను, ప్రవాహములను, అడుగు భూమిని విద్యార్థులతో కలిసి పరిశోధించెను. తరువాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన జరుగు రోజులలో ఈ తీరము వెంట అడుగున బయటపడిన లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అను పేర్లు పెట్టిరి. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రాచార్యులు. కృష్ణానది పేరు తెలియని తెలుగువాడు లేడు. కడలి యడుగున కృష్ణ పేరిట లోయ యున్నదని తెలిసినవారు ఎందరు? సముద్రమునకు ఎంతో దూరమున నున్న హైదరాబాదులో 1999లో స్థాపించిన జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము ఉపగ్రహముల సాయమున జలముల వేడిని కనిపెట్టి, అండమాన్, లక్షద్వీప ప్రాంతముల పగడములు తెల్లబారు ప్రమాదమును ముందుగా హెచ్చరించుచున్నది. చేపలు దొరకు తావులను బెస్తవారికి తెలుపుచున్నది. ఈ పని యంతయు అంకెలలోను పటములలోను జరుగును. ఈ దేశపు ప్రజలకు వార్తాచిత్రములు చూపుటకై 1948లో ఏర్పడిన ఫిలింస్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయినది. సినిమాహాలులో కథకు ముందు ఆ నలుపు తెలుపు బొమ్మలను చూచినవారు ఈ సభలోనే పలువు రుందురు.

విశాఖపట్టణమునందో హైదరాబాదునందో చలనచిత్ర విద్య ముగించిన ఒక బెస్తపల్లె బిడ్డ ఈ లోయల పరిశోధనను చిత్రింప దలచినా డనుకొందము. అది కుమార్తె యైనను సరియే. కావలసిన పద్దులు నాలుగు. సాగర్ నిధి వంటి ప్రభుత్వ పరిశోధన నౌకపై ఒక యాత్రకు పడక చోటు. సముద్రపు బ్రతుకునకును నీట మునుగుటకును తగిన శిక్షణ, భీమా. తిరిగి వచ్చిన పిదప కూర్పు ముగియు వరకు ఒక సంవత్సరపు గ్రాసము. ఏ దృశ్యము నుంచవలెనో తీయవలెనో అతని యిష్టమే యని సంతకములతో కూడిన కాగితము. మొదటి మూడింటికి సొమ్ము కావలెను. నాలుగవ దానికి కావలసినది స్టాంపు కాగితము ఖరీదు మాత్రమే. బేరము తెగనిది సాధారణముగా అచటనే.